పైన ఎగురుతుండగా స్పీడ్ మీటర్లు పాడైతే విమానం ఎలా నడుపుతారు?

"అందులోనూ రాత్రయితే ఇక గోవిందా కదా" అని కూడా అడిగారు. గోవిందా ఏమీ కాదండీ. నాకే ఒకసారి జరిగింది, కోపైలట్‌గా చేరిన రెండేళ్లకి.

జూలై నెల, హైదరాబాద్ నుంచి ఢిల్లీ, ఎయిర్‌బస్ ఎ320, 36 వేల అడుగులు. నాగపూర్ దాటాక ఓ పెద్ద మబ్బు పక్కగా పోతున్నాం. రాడార్‌లో పెద్దగా ఏమీ లేదు, ఎందుకంటే అంత పైన ఉండేది సన్నటి మంచు పలుకులు, అవి రాడార్‌కి సరిగా ఆనవు. అద్దం మీద ఇసుక చల్లినట్టు చప్పుడు మొదలైంది. అంతలో కెప్టెన్ వైపు స్పీడ్ 255 నాట్ల (విమానాల వేగం నాట్లలోనే చెబుతారు) నుంచి జర్రున 180కి జారింది, నా వైపుది కూడా ఊగుతోంది, ఆటోపైలట్ అలారం కొట్టి వదిలేసింది.

అప్పుడు చేతులు ఊరుకోవు. ముక్కు దించాలనో, ఇంజన్ పెంచాలనో, ఏదో ఒకటి చేసెయ్యాలనిపిస్తుంది. కంట్రోల్ నా దగ్గరుంది. మా కెప్టెన్ సార్ అన్నది ఒకటే, "ఏమీ కెలక్కు, ముక్కు ఎక్కడుందో అక్కడే ఉంచు." నిజమే కదా, ఐదు సెకన్ల కిందటి వరకు ముక్కు రెండున్నర డిగ్రీలు పైకి, ఇంజన్లు 80 పైచిలుకు శాతం, అవి రెండూ కదలనప్పుడు స్పీడొక్కటే 75 నాట్లు ఎలా పడిపోతుంది? పడలేదు. ఎదురుగాలి ఒత్తిడి కొలిచే పిటో గొట్టం మూతికి మంచు పట్టింది, అంతే. దానికి హీటర్ ఉంటుంది, కానీ పలుకులు మరీ ఎక్కువైతే కాసేపు అదీ చాలదు.

సార్ ఒళ్లో పుస్తకం తెరిచి మా బరువుకి, ఎత్తుకి ఎంత ముక్కు, ఎంత ఇంజన్ ఉండాలో పట్టికలో చదివారు, కింద ఉండే ట్రాఫిక్ కంట్రోలర్‌కి కూడా చెప్పారు, ఎందుకంటే ఆ ఎత్తులో పైన కింద వెయ్యి అడుగుల తేడాలోనే వేరే విమానాలుంటాయి. జీపీఎస్ స్పీడ్ మాత్రం మామూలుగానే ఉంది, అది పిటో మీద ఆధారపడదు. నిమిషంలోపే అన్నీ సర్దుకున్నాయి. వెనక ప్యాసింజర్లకి తెలియను కూడా తెలియదు.

2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447లోనూ మొదలైంది ఇలాగే, అక్కడా రీడింగులు నిమిషంలోపే తిరిగొచ్చాయి. కానీ ఆ లోపే కోపైలట్ స్టిక్ వెనక్కి లాగాడు, విమానం 38 వేల అడుగుల దాకా ఎక్కి స్టాల్ అయింది, అంటే రెక్కలు విమానాన్ని మొయ్యలేకపోయాయి, ఆ తర్వాత కూడా లాగుతూనే ఉన్నాడు. 228 మంది పోయారు. అతన్ని తిట్టడం తేలికే, కానీ పల్చటి గాలిలో చేత్తో నడపడం అప్పట్లో ఎవరికీ పెద్దగా నేర్పేవాళ్లు కాదు.

మూడు పిటోలుంటాయి కదా అంటారేమో. ఉంటాయి, కానీ రెండు కలిసి ఒకే తప్పు చెబితే కంప్యూటర్ మూడోదాన్నే అబద్ధాలకోరు అనుకోవచ్చు.

ఇక రాత్రి సంగతి. ముక్కు ఎంత పైకుంది, రెక్కలు ఎటు వాలాయి అనేది చూపించేది జైరోలనే పరికరాలు, వాటికి పిటోతో పనిలేదు. స్క్రీన్లన్నీ ఆరిపోయినా మధ్యలో అరచేతి అంత స్టాండ్‌బై మీటర్ ఒకటి బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంటుంది, అందులోనూ నేలా ఆకాశం కలిసే చోటుని చూపించే హొరైజన్ గీత కనిపిస్తుంది.