వార్డు మెంబరుగా నిలబడాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: అక్కా, మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న పంచాయతీ. నాకు 34 ఏళ్లు, ముగ్గురు పిల్లలు. ఇంటి దగ్గర బట్టలు కుడతాను, మా డ్వాక్రా గ్రూపుకి లీడర్ని. ఈసారి వార్డు మెంబరుగా నిలబడాలనుకుంటున్నాను. మా ఆయన సరేనన్నారు. మా మామయ్యగారు మాత్రం ‘డబ్బు పంచకుండా ఓట్లు ఎక్కడ పడతాయి, ఉన్నది కాస్తా ఊడ్చుకుపోతుంది’ అంటున్నారు. ముగ్గురు పిల్లలుంటే అసలు పోటీకే పనికిరావని ఇంకొకరు అన్నారు. నామినేషన్ అంటేనే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి

జవాబు: నిలబడు చెల్లీ. నేనూ వార్డు మెంబరుగా చేసిన మనిషినే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. పిల్లల సంగతి ముందు తేల్చేద్దాం. ఇద్దరికి మించి సంతానం ఉన్నవాళ్లు పోటీ చేయకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్‌లో 2024లోనే తీసేశారు. 21 ఏళ్లు నిండి, మీ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరుంటే చాలు. మీ వార్డు జనరల్ అయినా వెనక్కి తగ్గక్కర్లేదు, అందులో ఆడవాళ్లూ పోటీ చేయొచ్చు.

ఇక మొదటి పని ఓటర్ల జాబితా. మీ వార్డుది ఒక కాపీ సంపాదించి, పెన్ను పట్టుకుని గడపగడపకూ వెళ్లు. ఓట్లు అప్పుడే అడగకు, పేర్లు సరిచూసుకో. చనిపోయినవాళ్ల పేర్లు అలాగే ఉంటాయి. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలి ఓటు ఇంకా పుట్టింటి ఊళ్లోనే ఉంటుంది. కొడుకు హైదరాబాదులో పనిచేస్తుంటాడు, పండక్కి తప్ప రాడు. ఇవన్నీ ఇంటి నంబరు పక్కన రాసుకో. ఓటు లేనివాళ్ల చేత దరఖాస్తు పెట్టించు. ఆ తిరుగుడులోనే ఏ సందులో మురుగు నిలుస్తోందో, ఏ స్తంభానికి లైటు వెలగడం లేదో, ఏ ముసలమ్మకి పింఛను ఆగిందో కూడా తెలిసిపోతుంది. ఊరంతటికీ కలిపి వాగ్దానాలు చేసేవాళ్లు చాలామందే ఉంటారు. నీ వార్డు సంగతి నీ అంత వివరంగా ఇంకెవరికీ తెలియకూడదు. వార్డులో ఓట్లే తక్కువ, సమానంగా వస్తే లాటరీ తీస్తారు. అందుకే ఒక్క ఇంటిని కూడా వదలకు.

నామినేషన్‌కి భయపడేంత ఏమీ లేదు. నిన్ను ప్రతిపాదించే మనిషి మాత్రం అదే వార్డు ఓటరై ఉండాలి. చాలామంది ఇక్కడే తడబడతారు. పక్క వార్డులో ఉన్న సొంత అన్నయ్య చేత సంతకం పెట్టిస్తే పనికిరాదు. ఇంటి పన్ను బాకీ ఉంటే ముందే కట్టేసి రశీదు దగ్గర పెట్టుకో. రిజర్వుడు వార్డయితే కుల ధ్రువీకరణ పత్రం కావాలి. 2021 ఎన్నికల్లో వార్డు మెంబరు డిపాజిట్ 1,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 500. ఈసారి ఎంతో నోటిఫికేషన్‌లో చూసుకో. చివరి రోజు దాకా ఆగకు, ఏదైనా కాగితం తక్కువైతే తెచ్చుకునే వ్యవధి ఉండాలి.

అసలు కష్టం గుర్తుతోనే. పంచాయతీ ఎన్నికలు పార్టీలతో సంబంధం లేనివి. పోటీలో మిగిలినవాళ్ల పేర్లను అక్షర క్రమంలో పెట్టి, ఆ వరసలోనే గుర్తులు ఇస్తారు. నచ్చినది అడిగి తీసుకునే వీలుండదు. బ్యాలెట్ మీద నీ పేరు కూడా ఉండదు, గుర్తు ఒక్కటే. పైగా ఓటరు చేతిలో రెండు కాగితాలు పెడతారు, గులాబీ రంగుది సర్పంచ్‌కి, తెల్లది వార్డు మెంబరుకి. నీ మీద ఎంత ప్రేమ ఉన్నా, చదువురాని పెద్దావిడ ఆ నిమిషంలో కంగారుపడుతుంది. అందుకని గుర్తు రాకముందే కరపత్రాలు అచ్చు వేయించకు. వచ్చిన సాయంత్రమే ఇంటింటికీ వెళ్లి, నిజంగా ఒక తెల్ల కాగితం మీద ఆ బొమ్మ చూపించి, ‘తెల్లదాని మీద ఇది’ అని చెప్పు. మర్నాడు మళ్లీ వెళ్లి, ఈసారి వాళ్ల చేతే చెప్పించుకో.

డబ్బు పంచొద్దు. అది నేరం. పైగా పక్కవాడు ఇంకో వంద ఎక్కువిస్తే ఆ ఓటు అటే పోతుంది. మామయ్యగారి భయం అర్థం చేసుకోదగ్గదే. 2021లో పదివేల లోపు జనాభా ఉన్న పంచాయతీలో వార్డు మెంబరు ఖర్చు పరిమితే 30,000 రూపాయలు. అంతా పెట్టాలని కాదు, కరపత్రాలు, టీలు, తిరుగుడుకి అందులో కొంత చాలు. ఆ లెక్కల పుస్తకం ఆయన చేతికే ఇవ్వు. రూపాయి బయటికి పోనివ్వని మనిషి నీకు అవసరం. గెలిచినా ఓడినా ఫలితం వచ్చాక 45 రోజుల్లో ఖర్చుల లెక్క అప్పగించాలి.

ఇంకొకటి. నామినేషన్లు వేశాక ‘ఊరు ఏకగ్రీవం చేద్దాం, నువ్వు తప్పుకోమ్మా’ అంటూ పెద్దలు ఇంటికొస్తారు. మీ ఆయన్ని, మామయ్యగారిని అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడతారు. ఉపసంహరణ కాగితం మీద ఉండాల్సింది మాత్రం నీ సంతకం. తప్పుకోవాలా వద్దా అన్నది ముగ్గురూ ఇప్పుడే కూర్చుని తేల్చుకోండి, వాళ్లు గుమ్మంలోకి వచ్చాక కాదు.