పాత డబ్బాలో ఎస్‌ఎంపీఎస్ జోలికి పోకురా అల్లుడూ

బరంపురం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు 60 వేలు కూడబెట్టుకుని, రెడీమేడ్ కొనకుండా గేమింగ్ కంప్యూటర్ నువ్వే బిగించుకుంటున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. ముచ్చటేసింది. ఆ వెంటనే "వాళ్ల నాన్న పాత కంప్యూటర్లో ఎస్‌ఎంపీఎస్ ఉంది కదా, అదే పెట్టేస్తాడట, డబ్బు మిగులుతుందట" అంది. ఇక నిద్రెక్కడిది? ఎస్‌ఎంపీఎస్ అంటే గోడ కరెంటుని కంప్యూటర్‌కి కావలసిన చిన్న వోల్టేజీలుగా మార్చిచ్చే పెట్టె కదా.

బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ల సంగతి నీకు తెలిసిందే. రైజెన్ 5 5600 ప్రాసెసర్‌కి ఏఎమ్4 బోర్డు, 7600కి ఏఎమ్5, ఐ5-12400ఎఫ్‌కి ఎల్‌జీఏ 1700. ఎల్‌జీఏ 1700కి వచ్చే బీ760 బోర్డుల్లో డీడీఆర్4 ర్యామ్‌వి వేరు, డీడీఆర్5వి వేరు. గాడి చోటు మారుతుంది కాబట్టి ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో దూరదు. పెట్టె మీద చదివాకే డబ్బు తియ్యి. ర్యామ్ 16 జీబీ ఒకటే కాదు, 8 జీబీవి రెండు తీసుకో. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టు. బయోస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లో, ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చెయ్యి. పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్‌కి సొంత గ్రాఫిక్స్ ఉండదు, మానిటర్ వైరు బోర్డుకి గుచ్చి "బొమ్మ రావట్లేదు మావయ్యా" అని ఏడవకు, గ్రాఫిక్స్ కార్డుకి గుచ్చు. క్యాబినెట్‌లో కార్డు ఎన్ని మిల్లీమీటర్ల దాకా పడుతుందో చూసుకో.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఊరికి పెద్దరైలు (బ్రాడ్‌గేజ్) రాకముందు, ఎప్పుడో కొన్న డబ్బా అది. దాని ఎస్‌ఎంపీఎస్ పక్కన స్టిక్కరుంటుంది, తుడిచి చదువు. పైన పెద్ద అంకెల్లో 450 వాట్లు అని ఉంటే మురిసిపోకు, కింద గళ్లలో 12 వోల్టుల వరస చూడు. చవక సరుకులో అక్కడ 14 ఆంపియర్లు రాసి ఉండడం మామూలే. 12ని 14తో గుణించు: 168 వాట్లు. మిగతాదంతా 3.3, 5 వోల్టుల మీద చూపించిన లెక్క, ఇప్పటి మెషీన్లకి అది పెద్దగా అక్కరకు రాదు. ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 115 వాట్లు. 12400ఎఫ్ గట్టిగా నడిస్తే 117 దాకా. ఫ్యాన్లకి, ఎస్‌ఎస్‌డీకి, బోర్డుకి ఇంకో 40 వేసుకో. 270 దాటింది.

అయినా స్విచ్ వెయ్యగానే విండోస్ వచ్చేస్తుంది, వీడియోలు ఆడేస్తాయి. మోసపోయేది అక్కడే. ఆట మొదలై కార్డు మీద భారం పడగానే తెర నల్లబడి మెషీన్ దానంతటదే మళ్లీ మొదలవుతుంది. విండోస్ తప్పనుకుని ఫార్మాట్ కొడతారు. తర్వాత ర్యామ్ మారుస్తారు. ఎస్‌ఎంపీఎస్‌ని మాత్రం ఎవరూ అనుమానించరు.

ఇంకా భయమేసేది కన్వర్టర్. పాతదానికి కార్డుకిచ్చే 8 పిన్నుల వైరు ఉండదు. డిస్కులకి కరెంటిచ్చే సాటా వైరుని 8 పిన్నులకి మార్చే ముక్క షాపులో చేతిలో పెడతారు. సాటాలో 12 వోల్టులకి మూడే పిన్నులు, ఒక్కోటి 1.5 ఆంపియర్లు మొయ్యగలదు. అంటే 54 వాట్లు. 8 పిన్నుల సాకెట్ 150 దాకా లాగొచ్చు. ముందు ఆ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరుగుతుంది, ఎండుచేప కాల్చినట్టు వాసనొస్తుంది, తర్వాత మెత్తబడి పిన్నులు ఒకదానికొకటి అంటుకుంటాయి. నువ్వేమో చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉంటావు. పక్కగదిలో మీ అమ్మ నిద్రపోతూ ఉంటుంది.

కొత్తది 550 వాట్లది కొను. స్టిక్కరులో 12 వోల్టుల దగ్గర 40 ఆంపియర్లకి పైన, వారంటీ అయిదేళ్లు ఉండాలి. 80 ప్లస్ అన్నది కరెంటు పొదుపు ముద్రేగానీ నాణ్యతకి పూచీ కాదు. ప్రాసెసర్ వైరు 4+4గా విడుతుంది, కార్డు వైరు 6+2గా. దూరకపోతే అది దాని చోటు కాదన్నమాట, నొక్కకు. ఒక కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌కి ఇంకో కంపెనీ వైర్లు వెయ్యకు. ఆకారం ఒకటే అయినా పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు. పాతదాని మూత కూడా విప్పకురా నాన్నా, ప్లగ్గు పీకేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లో 300 వోల్టులు నిలవుండొచ్చు.

క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే చురుక్కుమంటే గోడ సాకెట్లో ఎర్తు లేనట్టు. ఎలక్ట్రీషియన్ని పిలిచి వేయించు. యూపీఎస్ 600 వీఏది సాధారణంగా 360 వాట్లే, మానిటర్‌తో కలిపి ఆటలో చాలీచాలకుండా ఉంటుంది. 1000 వీఏది చూడు. అదైనా షట్‌డౌన్ చేసుకోడానికి, ఇంకో మ్యాచ్ ఆడ్డానికి కాదు. 2018లో తిత్లీ తుపాను మీ జిల్లాని ఎలా ఊపేసిందో గుర్తుందిగా. ఉరిమినప్పుడు ప్లగ్గు పీకెయ్.

వైజాగ్‌లో కొన్నా, ఇక్కడికొచ్చి కొన్నా జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకో. డబ్బు కట్టకముందు కొత్త ఎస్‌ఎంపీఎస్ స్టిక్కరు ఫోటో నాకు పంపు. ఆ పాతదాన్ని ఈలోగా మీ అమ్మ చేతికిచ్చెయ్, ఎక్కడ దాచాలో తనకి చెప్పాను.

మీ మావయ్య