ఓణీల ఫంక్షన్ కోసం అప్పు చేసి గార్డెన్ వేయించాలా?

రాజోలు వైపు నుంచి ఒక చెల్లెమ్మ పెద్ద ఉత్తరమే రాశారు, కాస్త కుదించి పెడుతున్నా.

"అన్నయ్యగారూ, ఇల్లు కట్టుకుని ఏడాదైందండి. మా ఆయన ప్రైవేట్ కాలేజీలో లెక్చరర్, నేను ఇంట్లో బట్టలు కుడతాను, ఇద్దరికీ కలిపి నెలకి 52 వేలు వస్తాయి. హోమ్ లోన్ ఈఎంఐ 19 వేలు, చీటీ 5 వేలు, పిల్లల ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు 22 వేలు. బ్యాంకులో 40 వేలున్నాయి. మేలో పాప ఓణీల ఫంక్షన్. ఈలోగా ఇంటి ముందు గార్డెన్ చేయిద్దామని ఒకాయన్ని పిలిస్తే 1,50,000 కొటేషన్ ఇచ్చారు. బోరు నీళ్ళు కొంచెం ఉప్పగా ఉంటాయి గానీ పర్లేదన్నారు. మా బావగారేమో పొలం పాస్‌బుక్ పెట్టి బంగారం మీద క్రాప్ లోన్ తీసుకో, 4 శాతమే పడుద్ది అంటున్నారు, మా ఆయన హోమ్ లోన్ మీద టాపప్ (ఉన్న లోన్ మీదే ఇంకొంచెం అప్పు) అంటున్నారు, నాకేమో లక్ష రూపాయల చీటీ ఇప్పుడే పాడేస్తే పోలా అనిపిస్తుంది. మూడిట్లో ఏది మంచిదండి?"

చెల్లెమ్మా, వడ్డీ సంగతి తర్వాత చూద్దాం, ముందు గోడ మీద క్యాలెండర్ చూడండి. ఇప్పుడు మార్చి. ఇంకొన్ని వారాల్లో దాళ్వా (రబీ) కోతలైపోతాయి, కాలవలు కట్టేస్తారు, మళ్ళీ ధవళేశ్వరం బ్యారేజీ నుంచి నీళ్ళు వదిలేది జూన్‌లోనే, అప్పటిదాకా ఊరందరికీ ముందే నింపి పెట్టుకున్న మంచినీళ్ళ చెరువే గతి. బోరేమో ఉప్పన. అంటే ఏడాది మొత్తంలో మొక్క బతకడం కష్టమైన మూడు నెలలకి సరిగ్గా ముందు, అదీ అప్పు తెచ్చి మరీ, లక్షన్నర మట్టిలో పెడదామంటున్నారు. వడ్డీ 4 శాతమైనా 14 శాతమైనా చచ్చిపోయిన మొక్కకి కట్టాల్సిందేగా.

కొటేషన్ కాపీ పంపారు కాబట్టి దాన్నే విప్పి చూద్దాం. 500 చదరపు అడుగుల లాన్‌కి మట్టితో సహా 32 వేలు, రెండు పెద్ద ఫాక్స్‌టెయిల్ పామ్‌లకి 24 వేలు, ఫౌంటెన్ 35 వేలు, పెటూనియా కుండీలు వేలాడే బుట్టలు కలిపి 21 వేలు, లైట్లు 18 వేలు, సిమెంట్ కొంగలు 8 వేలు, కూలీ 12 వేలు.

లాన్ దగ్గర ఆగుదాం, ఎందుకంటే కొటేషన్‌లో కనిపించని ఖర్చు అక్కడే ఉంది. ఎండాకాలంలో గడ్డికి రోజుకి 5 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలనుకుంటే 500 అడుగులకి దాదాపు 230 లీటర్లు, 15 లీటర్ల బకెట్లతో లెక్కేస్తే 15 పైచిలుకు, అదీ రోజూ. ఆ నీళ్ళు బోరువే పెడితే ఉప్పు మట్టిలో పేరుకుని ముందు గడ్డి కొసలు ఎర్రబడతాయి, తర్వాత మచ్చలు మచ్చలుగా మాడుద్ది, లేదు మంచినీళ్ళే పెడతామంటే పంచాయతీ కొళాయి నీళ్ళు ఇంట్లో వాడకానికే చాలని రోజుల్లో గడ్డికి పోస్తుంటే పక్కింటావిడ ఊరుకుంటుందా? ట్యాంకర్ తెప్పించుకుంటే అది ఇంకో ఈఎంఐ. లాన్ కావాలనుకుంటే జులైలో వేయించండి, అప్పుడు చాపలు చాపలుగా కాకుండా గడ్డి పిలకలు గుచ్చించుకుంటే ఖర్చు బాగా తక్కువ, అల్లుకోవడానికి టైమ్ పడుద్ది అంతే, వానలే తడుపుతాయి.

పెటూనియాలు చలికాలం పూలండి. ఫిబ్రవరిలో కడియం నర్సరీల్లో చూస్తే చూపు తిప్పుకోలేం గానీ మన ఉక్కకీ ఎండకీ ఏప్రిల్ కల్లా వాలిపోతాయి, మీ ఫంక్షన్ నాటికి ఖాళీ కుండీలు మిగులుతాయి. పామ్‌లు అంత పెద్దవి వేళ్ళు కోసి తెచ్చి ఏప్రిల్‌లో నాటితే నిలదొక్కుకోవడం కష్టం, అదే జాతి చిన్న మొక్క తొలకరి పడ్డాక వేసుకుంటే ధరా తక్కువ, బతికే అవకాశమూ ఎక్కువ. ఇక ఫౌంటెన్, నా మాట వింటే కొట్టేయండి. ఉప్పు నీళ్ళకి పంపు తెల్లగా గారకట్టుకుపోద్ది, ఆపేస్తే నీళ్ళు నిలవుంటాయి, కోనసీమలో దోమలకి మనం 35 వేలు పెట్టి ఇల్లు కట్టివ్వాలా చెప్పండి. కొంగల గురించి నేనేం అనను, మీ ఇష్టం, మీ పొలం గట్టు మీద రోజూ నిజమైనవే దిగుతాయిగా.

ఇప్పుడు అప్పుల సంగతి. బావగారు చెప్పిన క్రాప్ లోన్ పంట పెట్టుబడి కోసం ఇచ్చేది, కిసాన్ క్రెడిట్ కార్డు ఖాతా ద్వారా తీసుకుంటే 7 శాతం వడ్డీలో టైమ్‌కి కట్టిన రైతుకి 3 శాతం తగ్గుద్ది కాబట్టి 4 పడుద్ది, అంతవరకు నిజమే. మన వైపు అందరూ దాన్ని పెళ్ళిళ్ళకీ స్కూటర్లకీ వాడేస్తారని నాకూ తెలుసు గానీ పంట అని చెప్పి గార్డెన్‌కి వాడితే అది బ్యాంకుకి అబద్ధం చెప్పడమే, పైగా సార్వాకి (ఖరీఫ్‌కి) నిజంగా పెట్టుబడి కావాల్సినప్పుడు బంగారం, పాస్‌బుక్ రెండూ లోపలే ఉంటాయి. ఏడాది తిరిగేసరికి అసలూ వడ్డీ కలిపి ఒకేసారి కట్టాలి, మీ లెక్కలో అంత డబ్బు ఎక్కడా కనిపించట్లేదు నాకు.

టాపప్ చూడ్డానికి మెత్తగా ఉంటది. 9 శాతానికి 15 ఏళ్ళు అనుకుంటే 1,50,000కి నెలకి 1,521 రూపాయలే, ఎవరికైనా ఇంతేగా అనిపిస్తుంది, కానీ 180 నెలలు కలిపితే 2,73,000 దాటుద్ది. ఇప్పుడు ఓణీ వేసుకుంటున్న పాపకి పెళ్ళై పిల్లలు పుట్టేదాకా ఈ పెటూనియాలకి మీరు కిస్తీ కడుతూనే ఉంటారు. చీటీ అయితే మొదట్లోనే పాడితే ఎక్కువ వదులుకోవాలి, లక్షకి పాటలో 20 వేలు తోసుకున్నా చేతికొచ్చేది 80 వేలు, నెల నెలా 5 వేలు ఎలాగూ తప్పదు. కాబట్టి మూడూ వద్దు.

మీకు నెలకి మిగిలేది 6 వేలు. బ్యాంకులో 40 వేలు, నెలకి ఖచ్చితంగా బయటికెళ్ళేది 46 వేలు, అంటే ఒక్క నెల జీతం ఆగితే గడవదు, ప్రైవేట్ కాలేజీ జీతాల సంగతి మీ ఆయన్ని అడగండి నాకంటే బాగా చెప్తారు. కనీసం మూడు నెలల ఖర్చు, 1,38,000, పక్కన ఉండాలి. అందుకని 6 వేలల్లో సగం ఆర్డీ కట్టండి, సగం గార్డెన్‌కి తీసుకోండి. నెలకి 3 వేలు గార్డెన్‌కి తక్కువేం కాదండి, కోనసీమలో సగం సరుకు ఊరికే దొరుకుద్ది: అంబాజీపేట వైపు కొబ్బరి పీచు పొట్టు, ఎవరి దొడ్లోనైనా పశువుల గెత్తం, కుండీ మీద పరవడానికి వరిగడ్డి. ఆ పొట్టు మాత్రం మంచినీళ్ళలో రెండు మూడు సార్లు కడిగాకే వాడండి, దాన్లోనూ ఉప్పుంటుంది.

ఈ నెల గ్రీన్ షేడ్ నెట్ ఒక ముక్క, ఓ పది గ్రో బ్యాగ్‌లు, గోంగూర తోటకూర బెండ విత్తనాలు. కూరల ఖర్చు తగ్గిపోద్దని మాత్రం ఆశ పెట్టుకోకండి, నెలకి ఐదారొందలు మిగిలితే గొప్పే. ఏప్రిల్‌లో కాగితం పూలు, నాచు పూలు తెచ్చుకోండి, ఈ రెండూ ఎండకి పూసే రకాలు, కొంచెం ఉప్పు నీళ్ళకీ ఓర్చుకుంటాయి. గన్నేరు కూడా ఓర్చుకుంటుంది గానీ అది విషం, చిన్న పిల్లలూ పశువులూ తిరిగే చోట వద్దు. మల్లె ఎలాగూ ఈ సీజన్ పువ్వే, మొగ్గలున్న కుండీలు రెండు చాలు, వాటికి మాత్రం మంచినీళ్ళే పోయండి, బియ్యం కడిగినవైనా సరే. కడియం వెళ్తే హైవే మీద మొదట కనిపించిన చోటే ఆగిపోకుండా కడియపులంక లోపలికి వెళ్ళి నాలుగు నర్సరీల్లో ధర అడగండి. విడిగా కొన్న మొక్కలకి జీఎస్టీ లేదు, ప్లాస్టిక్, సిమెంట్ కుండీలకి ఉంటుంది, బిల్లు వేరువేరుగా రాయించుకోండి.

ఇకపోతే ఫంక్షన్ రోజు ఫొటోల్లో పడే అందం ఫంక్షన్ బడ్జెట్‌లోది, గార్డెన్‌లోది కాదు, ఈ రెండూ కలిపేయడం వల్లే 1,50,000 అయ్యింది. డెకరేషన్ వాళ్ళనే పూల కుండీలు రెండ్రోజులకి అద్దెకి అడగండి, అరటి బోదెలు, కొబ్బరాకులు, మామిడి తోరణాలు మీ దొడ్లోవే, గేటు నుంచి మెట్ల దాకా బంతి పూలు కడియపులంక మార్కెట్ నుంచి తెప్పించుకోవచ్చు. లైట్లు మాత్రం కొనండి, 18 వేలవి కాదు, మామూలు సీరియల్ సెట్లు నాలుగు, దీపావళికీ సంక్రాంతికీ పనికొస్తాయి.

జూన్‌లో కాలవలొచ్చి నాలుగు వానలు పడ్డాక మందారం, నందివర్ధనం, నూరువరహాలు కొమ్మలు చుట్టుపక్కల ఇళ్ళల్లో అడిగి గుచ్చుకోండి, కొనక్కర్లేదు. పామ్‌లు, లాన్ అప్పటి 3 వేలల్లోంచి ఒక్కోటీ. ముందు నేల కాస్త ఎత్తు చేయించండి, ఆగస్టు వానల్లో నీళ్ళు నిలిస్తే ఎండకి చావనివి వేరు కుళ్ళి చస్తాయి. కొటేషన్ ఇచ్చినాయనకి ఇప్పుడు అడ్వాన్స్ ఇవ్వకండి, పని జులైలో అని చెప్పి, మూడు నెలల్లో చచ్చిన మొక్కకి మొక్క ఇస్తానని కాగితం మీద రాయించుకోండి. రాయనంటే కూలీకి వేరే మనిషిని చూసుకోండి.