బ్రూవరీ రెస్టారెంట్‌కి ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చా?

తణుకు నుంచి అమ్మానాన్నల్నీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని హైదరాబాద్ వెళ్తున్నాం, బావగారు బ్రూవరీలో భోజనం అంటున్నారు, అది ఫ్యామిలీతో వెళ్లే చోటేనా అని అడిగారు కదా. వెళ్లొచ్చండి, కాకపోతే పగలు వెళ్లండి. నేను మావాళ్లతో రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఇంటికొచ్చేదాకా తిట్లు తిన్నాను, రెండోసారి మా అమ్మే డబ్బా కట్టించుకుంది.

మీ అనుమానం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసు. మన వైపు బార్ బోర్డు మీద కూడా 'ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్' అనే ఉంటుంది, లోపల ఫ్యామిలీ ఒక్కటీ కనపడదు, బిర్యానీ పార్సిల్ కోసం వచ్చినవాడు కూడా అటూ ఇటూ చూసుకుని దూరతాడు. బ్రూవరీ అంటే బీరు అక్కడే తయారుచేసి అమ్మే హోటల్, అంతే. పక్క టేబుల్ మీద పుట్టినరోజు కేకు కోస్తుంటారు.

మొదటిసారి చేసిన తప్పు, పొద్దున రావులపాలెం బస్సు దిగి ఆ రాత్రే వెళ్లడం, అదీ శనివారం ఎనిమిదింటికి. పాటల మోతకి నాన్న చెవి మిషన్ తీసి జేబులో వేసుకున్నారు. వాళ్లిచ్చిన ఎత్తు స్టూళ్ల మీద అమ్మకి కాళ్లు కిందకి ఆనవు, గంటసేపు బల్ల అంచు పట్టుకునే కూర్చుంది. తిండి వచ్చేసరికి చిన్నాడు నా భుజం మీద నిద్రపోయాడు.

రెండోసారి వేరే చోటికి, మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి. సగం టేబుళ్లు ఖాళీ, పాట ఉన్నా మాట వినపడుతోంది, అద్దం అవతల పెద్ద స్టీలు ట్యాంకులు. సర్వర్ కుర్రాడు తీరిగ్గా ఉన్నాడేమో, పిల్లలు అడిగితే అంతా చెప్పాడు. బార్లీని నానబెట్టి మొలకెత్తించి ఆరబెడితే మాల్ట్, అక్కడిదాకా వినగానే అమ్మ "మన రాగి మాల్ట్ లాగేగా" అంది. దాన్ని మరపట్టి వేడినీళ్లలో వేస్తే తీపి దిగుతుంది, ఆ రసాన్ని హాప్స్ అనే చేదు పూలతో మరగబెట్టి, చల్లార్చి, ఈస్ట్ వేసి పులియబెడతారు. మిగిలిన పిప్పి పశువుల మేతకి పోతుందట. అమ్మకి బీరు మీద లేని ఆసక్తి ఆ పిప్పి మీద పుట్టింది, గేదె పాలు పెరుగుతాయా అని అడిగింది, పాపం ఆ కుర్రాడి దగ్గర దానికి జవాబు లేదు.

నాన్న అరటికాయల వ్యాపారంలో ముప్పై ఏళ్లు రావులపాలెం మార్కెట్లో తిరిగిన మనిషి. నా వీట్ బీర్, అంటే గోధుమ కలిపి చేసిన బీరు, గ్లాసు వాసన చూసి "ఇందులో అరటిపండు వేశార్రా" అన్నారు. వెయ్యరు, ఆ రకం ఈస్ట్‌కే ఆ వాసన వస్తుంది. ఒక గుక్క తాగి, మన తాటికల్లుకి ఎవరూ ఈస్ట్ వెయ్యక్కర్లేదు, లొట్టిలో పడ్డప్పుడే మొదలెడుతుంది అని పక్కన పెట్టేశారు.

తిండి విషయానికొస్తే, రొయ్యలు తెప్పించాం. అమ్మ ఒకటి వేలితో తిరగేసి, వీపు మీద నరం తీశారో లేదో చూసి, తీశారు కాబట్టి తింది. ఉప్పూ కారం మన లెక్కకి తక్కువే. చికెన్ వేపుడు బాగుంది, పిజ్జా పిల్లలే ఖాళీ చేశారు. రేట్లు మాత్రం ఘాటు, గ్లాసు ఆర్డర్ ఇచ్చేముందు శాంపిల్ అడగండి, చాలాచోట్ల చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు రుచికి ఇస్తారు. బిల్లులో సర్వీస్ చార్జ్ వేస్తే తీసెయ్యమనండి, అది తప్పనిసరి కాదని 2022లోనే కేంద్ర వినియోగదారుల సంస్థ చెప్పింది.

21 ఏళ్లు నిండనివాళ్లకి మందు ఇవ్వరు, మన దగ్గరా తెలంగాణలోనూ అదే రూలు. ఒక్క గ్లాసేగా అని బావగారు స్టీరింగ్ పట్టుకుంటానంటే ఒప్పుకోకండి, 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, క్యాబ్ నయం.

ముందు ఫోన్ చేసి పిల్లల్ని ఎన్నింటిదాకా రానిస్తారో అడగండి, కొన్నిచోట్ల సాయంత్రం తర్వాత రానివ్వరు. అలాగే మామూలు ఎత్తు కుర్చీలున్న టేబుల్ కావాలని గట్టిగా చెప్పండి, మీ అమ్మగారి కాళ్లు నేలకి ఆనాలి.