టేపు గీకకండి, ఆ పగిలిన ఫోన్ పారేయకండి

ప్రశ్న: వకీలు సార్, మాది మిర్యాలగూడ. ట్రాక్టర్ మెకానిక్‌ను. మా బాబు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నడు. అప్పు చేసి రైఫిలు, గాలి నింపే ట్యాంకు కొన్నం. రెండింటినీ కలిపే అడాప్టర్ కోసం హైదరాబాద్‌లో ఒక షాపుకు వాట్సాప్‌లో రైఫిల్ ఫొటో పెట్టి అడిగితే పంపిండ్రు. వదులుగ ఉందంటే టెఫ్లాన్ టేపు చుట్టి బిగించుమని వాయిస్ మెసేజ్ పెట్టిండ్రు. మూడోసారి నింపుతుంటే అడాప్టర్ ఊడొచ్చి నా కుడిచేతి బొటనవేలి నరం తెగింది. రెండు ఆపరేషన్లు అయినయ్, ఇప్పటికీ పానా పట్టలేను. బాబు ఆ ఏడు సెలక్షన్స్‌కు పోలేదు. ఇంట్ల ఆమె ఏడుపు ఆపదు. కొని 23 నెలలు, దెబ్బ తగిలి 21 నెలలు. బిల్లు తీసుకోలే, ఫోన్‌లనే పైసలు కొట్టిన. ఆ ఫోన్ డిస్‌ప్లే పగిలి మూలకు పడ్డది. అడాప్టర్ నట్ల డబ్బాల ఉంది. టేపు గీకేస్తే కేసు గట్టిగుంటదని మా బామ్మర్ది అంటున్నడు. పాత అడాప్టర్ కొరియర్ చేస్తే 15 వేలు ఇస్తమని షాపాయన అంటున్నడు. మాకు న్యాయం జరుగుతదా?
- ఒక పాఠకుడు

జవాబు: అప్పు, సెలక్షన్స్, ఇంట్లో ఏడుపు, ఇవేవీ మీ కేసును తేల్చవు. తేల్చేది మీరు నడుమ ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన వాయిస్ మెసేజ్. అది ఉంటే మీకు కేసు ఉంది. పోతే, ఊడిన అడాప్టరూ తెగిన నరమూ మిమ్మల్నే ముద్దాయిలా నిలబెడతాయి.

ఎందుకో చెప్తాను. మీరు పంపిన ఫొటోల్లో అడాప్టర్ పక్కన ‘జీ 1/8’ అని చెక్కి ఉంది. రైఫిల్ బుక్కులో నింపే రంధ్రానికి ‘ఎం10×1’ అని ఉంది. మొదటిది బీఎస్పీ త్రెడ్, అంటే బ్రిటిష్ కొలత మర, దాని బయటి కొలత 9.73 మిల్లీమీటర్లు. రెండోది మెట్రిక్, 10 మిల్లీమీటర్లు. చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం కూడా వేరే. నాలుగు చుట్లు తిరుగుతుంది, చేతికి బిగిసినట్టే ఉంటుంది, కానీ త్రెడ్ అంచులు మాత్రమే ఆనుకుని ఉంటాయి. టేపు ఆ సందును నింపుతుంది తప్ప త్రెడ్‌కు బలం ఇవ్వదు. అలా తిరిగే త్రెడ్‌కు గాలి ఆపాల్సింది ఓ-రింగో వాషరో, టేపు కాదు. గాలి ఒత్తిడిని బార్‌లలో కొలుస్తారు. ఇలాంటి ట్యాంకుల్లో ఉండే 200 బార్ అంటే మీ బొటనవేలి గోరంత చోటు మీద సుమారు రెండు క్వింటాళ్లు, నలభై కిలోల వడ్ల బస్తాలు ఐదు. ట్రాక్టర్ వెనక టైర్లో రెండు బార్ కూడా ఉండదని మీకు నేను చెప్పాలా? హైడ్రాలిక్ పైపులు రోజూ విప్పి బిగించే మనిషి మర కొలిచే త్రెడ్ గేజ్ పెట్టి చూడకుండా ఎలా ఎక్కించారు? క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న ఇదే. జవాబు ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.

ఆయన చేతిలో ఆయుధం వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 87. హాని జరిగే నాటికి వస్తువును తప్పుగా వాడినా, మార్చినా అమ్మినవాడి మీద ప్రొడక్ట్ లయబిలిటీ దావా, అంటే వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం అడిగే దావా, నడవదు. టేపు చూపించి ‘ఇదిగో మార్చాడు’ అంటాడు. దానికి మన దగ్గర ఉన్న ఒకే జవాబు: చుట్టమన్నది నువ్వే. ఏ రైఫిల్‌కు కావాలో ఫొటో చూసి పంపింది నువ్వే. సరిపోతుందని చెప్పింది నువ్వే. అమ్మినవాడు సొంతంగా ఇచ్చిన హామీకి బాధ్యుడని సెక్షన్ 86 చెబుతోంది. తయారీదారు ఎవరో తెలియకపోయినా అమ్మినవాడే బాధ్యుడు. మీ అడాప్టర్ మీద కంపెనీ పేరు లేదు, ఎంత బార్ తట్టుకుంటుందో లేదు. అది మీకు కలిసొచ్చే అంశం.

ఇప్పుడు బామ్మర్ది సలహా. టేపు ముట్టుకోవద్దు. ఒక్క పోగు కూడా తీయొద్దు. వాయిస్ మెసేజ్‌లో చెప్పిన మాటకు వస్తువు మీద మిగిలిన రుజువు ఆ టేపే. మీ వైపు సాక్ష్యాన్ని మీరే గీకేస్తారా? పైగా త్రెడ్ లోతులో ఇరుక్కున్న తెల్లటి పీచు ల్యాబ్‌లో బయటపడుతుంది. అప్పుడు అది దొంగ సాక్ష్యం సృష్టించడం అవుతుంది. న్యాయ విచారణలో వాడటానికి అలా చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా శిక్ష. నష్టపరిహారం అడగబోయి జైలుకు పోకండి.

షాపాయన 15 వేలు ఇస్తానంటున్నది మీ మీద జాలితో కాదు, ఆ ఇత్తడి ముక్క కోసం. కొరియర్ చేసిన రోజే మీ కేసు పోతుంది. ఈరోజే నట్ల డబ్బాలోంచి తీసి, తుడవకుండా, నూనె తగలకుండా కాగితం కవర్లో పెట్టి అంటించండి. మీద తేదీ వేసి, బయటివాళ్లు ఇద్దరి సంతకాలు తీసుకోండి.

ఫోన్‌కు డిస్‌ప్లే వేయించండి, కానీ రీసెట్ చేస్తామంటే ఒప్పుకోకండి. స్క్రీన్‌షాట్లు చాలవు. భారతీయ సాక్ష్య అధినియమ్ 2023, సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపాలి, ఫైల్ హాష్ విలువ, అంటే ఫైల్ మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్, అందులో రాయాలి. బిల్లు తీసుకోకపోవడం మీ నిర్లక్ష్యమే. అయితే బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది కాబట్టి అదీ ఫిర్యాదులో రాస్తాం. బ్యాంకు నుంచి ఆ చెల్లింపు స్టేట్‌మెంట్ ముద్ర వేయించి తెచ్చుకోండి.

గడువు మాట. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం కేసుకు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు. దెబ్బ తగిలిన రోజు నుంచి లెక్క అని మనం అంటాం, మూడు నెలలు మిగులుతాయి. తప్పు వస్తువు ఇచ్చిన రోజు నుంచి అని వాళ్లంటారు, అప్పుడు మిగిలింది నెలే. ఆ వాదనకే చోటివ్వకుండా ఈ నెలలోనే వేయండి. నోటీసు పంపితే గడువు ఆగదు. 15 వేల బేరం నడుస్తున్నా ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది గానీ దాన్ని నమ్ముకుని కూర్చున్నవాళ్లు చాలామంది నష్టపోవడం చూశాను.

మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. కొన్న ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. ఫిర్యాదుతోపాటే అడాప్టర్‌ను సీలు చేసి ల్యాబ్‌కు పంపమని అదే చట్టం సెక్షన్ 38 కింద దరఖాస్తు పెట్టాలి. ఆసుపత్రి ఖర్చు, పోయిన సంపాదన, చేతి వైకల్యం అడుగుదాం. సెలక్షన్స్ పోయినందుకు పెద్దగా రాదు, ఆశ పెట్టుకోకండి. మీరు మెకానిక్ కావడం వల్ల కొంత తగ్గించినా ఆశ్చర్యపోను.

అవతలివాళ్లు ఇంకో తలుపు తడతారు. 500 మిల్లీలీటర్లు దాటిన ట్యాంకు గ్యాస్ సిలిండర్ల నియమాలు 2016 కిందికి వస్తుంది, పెసో, అంటే పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ, అనుమతి ఉండాలి. ట్యాంకు మెడ మీద లేదా లేబుల్ మీద అనుమతి, టెస్టు తేదీ ఉన్నాయో ఫొటో తీసి పంపండి. రైఫిల్ 0.177 అంగుళాల బోరు, గుండు బయటికొచ్చే శక్తి 20 జౌళ్ల లోపైతే ఆయుధ నియమాలు 2016 ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. పది మీటర్ల రైఫిల్ సుమారు 7.5 జౌళ్లే కాబట్టి అక్కడ భయం లేదు, కొన్న కాగితం మాత్రం తెండి.

బాబు ఇంకా కాలుస్తున్నాడు కదా, ఈసారి అడాప్టర్ కొనేటప్పుడు రైఫిల్ త్రెడ్ కొలత కాగితం మీద రాసిచ్చి, అదే కొలతా తట్టుకునే బార్ అంకే బిల్లులో రాయించుకోండి. ట్యాంకు వైపు డిన్ అనే మర బిగింపు కనెక్షన్‌లో 200 బార్ అడాప్టర్ 300 బార్ వాల్వులో కూర్చోకుండా పొట్టిగా చేసి తయారీదారులే అడ్డం పెట్టారు. రైఫిల్ వైపు అలాంటి అడ్డం లేదు, కొలత చూసుకోవాల్సింది మనిషే. గాలి వదిలే స్క్రూ లేని గొట్టం వద్దు. ట్యాంకు వాల్వు మూసి, ఆ స్క్రూ విప్పి, గేజ్ సున్నాకు వచ్చాకే అడాప్టర్ మీద చెయ్యి వేయండి. వెల్డింగ్ షాపు ఆక్సిజన్ సిలిండర్‌కు తగిలించే అడాప్టర్లు కూడా అమ్ముతారు. గ్రీజు అంటిన చోట అంత ఒత్తిడిలో ఆక్సిజన్ మంట పుట్టిస్తుంది, వాటి జోలికి పోవద్దు.

ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి ఈ వారంలోనే వెళ్లి, బొటనవేలు ఎంతవరకు వంగుతోందో, పానా పట్టే బలం ఎంత పోయిందో రాయించుకోండి. ఆ కాగితం, కవరు, ఫోన్, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుని ఆలస్యం చేయకుండా వకీలును కలవండి.