ఇంట్లో రిపేర్లు జరుగుతుంటే పెంపుడు పాముని ఎక్కడ ఉంచాలి?

హాల్లో ఫ్లోరింగ్ మారుస్తున్నాం, గోడలకి రంగులు వేయిస్తున్నాం, బాల్ పైథాన్ ట్యాంక్ అక్కడే ఉంది, మీద దుప్పటి కప్పితే సరిపోతుందా అని ఒకరు అడిగారు. చాలదండీ. దుప్పటి వల్ల పాముకి మనుషులు కనపడరు, అంతే. దుమ్మూ ఆగదు, రంగు వాసనా ఆగదు, పైగా లోపలికి గాలి తగ్గిపోతుంది.

మాది అమెరికాలో డాలస్ దగ్గర. మా అమ్మాయి కార్న్ స్నేక్‌ని పెంచుతోంది. వంటిల్లు మొత్తం పీకించి మళ్ళీ కట్టించినప్పుడు మాకూ ఇదే టెన్షన్. నేను చెప్పేది ఒకటే: వీలుంటే పని మొదలయ్యేలోపే పాముని ఇల్లు దాటించేయండి. ఇక్కడి మనవాళ్ళు పిల్లల్నైతే నెల్లాళ్ళైనా ఉంచుకుంటారు గానీ పాము అనగానే మాట మార్చేస్తారు. "ఆ పురుగు ఉన్న మేడ మీదకి నేను ఎక్కను" అని మా అత్తగారు ముందే చెప్పేశారు. పాముల్ని చూసే వెట్ క్లినిక్‌లు కొన్ని బోర్డింగ్‌కి తీసుకుంటాయి, అడిగి చూడండి. ఇప్పటికే పాములున్న వాళ్ళింట్లో వదిలితే మాత్రం వేరే గదిలో పెట్టమనండి, వాటి ఒంటి మీది మైట్స్ (రక్తం పీల్చే చిన్న పురుగులు) అంటుకుంటాయి.

మాకు అవేవీ కుదరక మేడ మీద చివరి గదిలో పెట్టాం. ఇక్కడ అసలు చిక్కు సెంట్రల్ ఏసీతో. కింద లేచిన దుమ్ము, గదిలో గాలిని వెనక్కి లాగే రిటర్న్ వెంట్‌లోంచి డక్టుల్లోకి (గాలి గొట్టాల్లోకి) వెళ్ళి పై గదిలో తేలుతుంది. పని జరిగే చోట రిటర్న్ వెంట్‌కీ, పాము గదిలో గాలి వచ్చే వెంట్‌కీ ప్లాస్టిక్ షీటు కప్పి టేపు వేయండి. తలుపు కింద సందులో తడి తువ్వాలు కుక్కండి. రంగు లో-వీఓసీ రకం, అంటే ఘాటు ఆవిర్లు తక్కువ వచ్చేది అడగండి. ఆయిల్ పెయింటు, చెక్కకి పాలీయురిథేన్ వార్నిష్ పూసే రోజుల్లో మాత్రం పాము ఆ ఇంట్లో ఉండనే కూడదు. పాములకి డయాఫ్రమ్ ఉండదు, మనలా గట్టిగా దగ్గి కఫం బయటికి తోసుకోలేవు. అందుకే ఊపిరితిత్తికి ఇన్‌ఫెక్షన్ వస్తే ఓ పట్టాన వదలదు. ఇల్లు 1978కి ముందు కట్టినదైతే పాత రంగులో సీసం ఉండొచ్చు, గోకే ముందు టెస్ట్ చేయించండి. అది పాముకంటే ముందు మీ పిల్లల కోసం.

చప్పుడు గురించి అందరూ భయపడతారు గానీ పాముని ఎక్కువ ఇబ్బంది పెట్టేది నేల అదరడం. దానికి బయటి చెవి లేదు, అదురు కింది దవడ ఎముక ద్వారా తెలుస్తుంది. ట్యాంక్ కింద మందపాటి యోగా మ్యాట్ వేయండి. టైల్స్ పగలగొట్టే వారంలో మేత పెట్టకండి, బెదిరితే తిన్నది కక్కేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద బాల్ పైథాన్‌కి కొన్ని వారాలు తిండి లేకపోయినా ఫర్వాలేదు, నీళ్ళు మాత్రం ఉండాలి. కరెంటు ఆపితే ట్యాంక్ హీటరూ ఆగిపోతుంది కాబట్టి ఏ బ్రేకర్ ఎప్పుడు ఆపుతారో కాంట్రాక్టర్‌ని అడిగి పెట్టుకోండి. ట్యాంక్‌లో వెచ్చని వైపు 31, 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. కాసేపు గది వేడికి దిగితే ఏమీ కాదు, రాత్రంతా చల్లబడితేనే కష్టం.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ భయం పాము తప్పించుకోవడం గురించి. మా డిష్‌వాషర్ తీశాక వెనక గోడలో పైపు చుట్టూ మూడు వేళ్ళు పట్టే కంత కనిపించింది. మా పాము బొటనవేలంత లావు. తల పడితే ఒళ్ళంతా పడుతుంది, ఆ గోడలోకి దూరితే ఇక వెతకడం మన తరం కాదు. మూతకి రెండు వైపులా క్లిప్పులు, దానిపైన తాళం వేశాం. తలుపు మీద "లోపల పాము ఉంది" అని మేస్త్రీలకి అర్థమయ్యేలా స్పానిష్‌లో రాసి అంటించాం. ఆ తర్వాత వాళ్ళు మెట్ల దగ్గరికి కూడా రాలేదు.

(ఇండియా నుంచి చదివేవాళ్ళకి: నాగుపాము, జెర్రిపోతు లాంటి మన పాముల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. నేను చెప్పేదంతా ఇక్కడ చట్టప్రకారం పెంచుకునే వాటి గురించే.)

పనయ్యాక రంగు వాసన పూర్తిగా పోయి, గోడల అడుగున సందు మూసే బేస్‌బోర్డు పట్టీలన్నీ బిగించాకే పాముని హాల్లోకి తెండి. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు వస్తున్నా, ఈల లాంటి శబ్దం చేస్తున్నా ఆ రోజే వెట్‌కి చూపించండి. అవేవీ లేకపోతే ఓ వారం దాన్ని కదపకుండా వదిలేసి, అప్పుడు మేత పెట్టండి.