‘తర్వాత’ కనబడితే వరుసక్రమమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. సమాచార పాఠంలో ‘తర్వాత’ కనబడితే చాలు, వరుసక్రమం అనేస్తుంది. పాఠం అమరికను, అంటే అది వరుసక్రమమా, కారణం–ఫలితమా, పోలికా అన్నది, గుర్తించడం ఎలా నేర్పాలి?

జవాబు: చాలామంది పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. ‘తర్వాత’ లాంటి ఆనవాలు మాటలు దారి చూపుతాయి, తీర్పు చెప్పవు. ఈ వాక్యాలు చూడండి: ‘నీరు గడ్డకట్టేటప్పుడు పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. తర్వాత నిండు సీసా పగులుతుంది.’ మాట ‘తర్వాత’ అయినా, ‘సీసా ఎందుకు పగిలింది?’ అంటే జవాబు ముందు వాక్యంలోనే ఉంది. కాబట్టి ఇది కారణం–ఫలితం.

ముందుగా ప్రతి పేరా పక్కన, అది చేస్తున్న పనిని నాలుగైదు మాటల్లో రాయించండి. ఆపై పాఠం మొత్తం ఏ ప్రశ్నకు జవాబిస్తోందో అడగండి. ఎలా ఉంటుంది అంటే వర్ణన. ఏది ముందు, ఏది వెనక అంటే వరుసక్రమం. పోలికపై అనుమానముంటే రెండు గడులు గీయించి, ఒక్కో విషయం గురించి పాఠం చెప్పింది ఒక్కో గడిలో రాయించండి, ఒకటి దాదాపు ఖాళీగా మిగిలితే అది పోలిక కాదు.

సమస్య–పరిష్కారాన్ని కారణం–ఫలితంగా పొరబడటం మరీ ఎక్కువ. చిక్కును తీర్చే ప్రయత్నమో సూచనో పాఠంలో ఉందా అని వెతికించండి, ఉంటే అది సమస్య–పరిష్కారం. ఒక్క పేరా వేరే పద్ధతిలో నడిచినా కంగారు వద్దు, పాఠంలో ఎక్కువ భాగం దేనికి కేటాయించారో అదే ప్రధాన అమరిక.